అత్తరు మామయ్య, ఇత్తడి మగ్గు

మొన్న మా రైల్వే కాలనీకి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, పాతవాళ్ళ కబుర్లు ఫోనులో రికార్డు చేసుకోవడానికి. లోకో షెడ్డు మూతపడ్డాక మా ఇటుక క్వార్టర్లకి ఎక్కడలేని గౌరవం వచ్చిపడింది. గోడలకి రంగులు వేసి, బోర్డులు పెట్టి, చూడవచ్చినవాళ్ళకి చూపిస్తారట. మేం కాపురమున్న రోజుల్లో కప్పు కారుతోందని మొత్తుకుంటే పలికిన నాథుడు లేడు.

"గేటు పక్కన బారు ఉండేదట కదండీ, దాని సంగతులు చెప్పండి" అని ఆ అమ్మాయిలు అడగ్గానే, నా పక్కన కూర్చున్న, ఒకప్పుడు ఇంజను పొయ్యిలో బొగ్గు వేసిన రిటైర్డు ఫైర్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజులే వేరమ్మా. అక్కడ ఎక్కువ తక్కువల్లేవు. డ్రైవరైనా, కలాసీ అయినా అందరం ఒకే మగ్గులో తాగేవాళ్ళం. ఒక తల్లి పిల్లల్లాగా."

అమ్మాయిల్లో ఒకామెకి కళ్ళు చెమర్చాయి. నేను చేతిలోని టీ కింద పెట్టేశాను.

పెద్దవాడు, పైగా నోట్లో పన్ను లేదు, ఏం వాదిస్తాం. కానీ ఆయన చెప్పినదాంట్లో రెండు సంగతులు జారిపోయాయి. ఆ 'అందరం'లో మా మామగారు లేరు. ఇక ఆ మగ్గు లోపల ఏముండేదో ఆయన చెప్పనేలేదు. ఆ రెండూ నేను చెప్తాను. ఇప్పుడే భోంచేసి ఉంటే కాసేపాగి చదవండి.

పేరుకి బారు గానీ, అది పట్టాల కింది పాత స్లీపరు దుంగలతో కట్టిన పొడుగాటి గది. దుంగలకి పట్టించిన తారు ఎండకి కరిగి, ఆనుకున్నవాడి చొక్కాని వదిలేది కాదు. షెడ్డులో మొదటి షిఫ్టు దిగే కూత వేయగానే బొగ్గూ, చెమటా, గ్రీజూ గుంపుగా లోపలికి వచ్చేవి. వాటి లోపలెక్కడో మనుషులుండేవాళ్ళు. నేల మీద ఒలికిన బీరు ఆరి, దానిమీద మళ్ళీ ఒలికి, అడుగు ఎత్తినప్పుడల్లా చెప్పు చప్పరించేది. బల్లలు తుడిచే గుడ్డ బల్లలకంటే నల్లన. దాంతోనే గ్లాసులూ తుడిచేవాళ్ళు. ఉక్క ఎక్కువైన రోజున తుడిచేవాడు దాంతోనే మెడ కూడా తుడుచుకుని, మళ్ళీ గ్లాసు అందుకునేవాడు. ఉచ్చలదొడ్డికి తలుపు లేదు. ఒక గోడ మాత్రం ఉండేది, అది కూడా రోజూ ఇంతమంది పూనుకోవడంతో అడుగునుంచి కొద్దికొద్దిగా కరిగిపోతుండేది. కౌంటరు మీద గాజు జాడీలో ఉడికించిన గుడ్లు ఉప్పునీళ్ళలో తేలుతుండేవి. కావాల్సినవాడు చెయ్యి పెట్టి తీసుకోవడమే. ఆ చెయ్యి అంతకుముందు ఎక్కడుందని అడగడం మర్యాద కాదు.

అలాంటి చోట కూడా కూర్చోవడానికి ఒక వరస. కిటికీ పక్కన, ఫ్యాను కింద డ్రైవర్ల బెంచీ. వాళ్ళ వెనక ఫైర్‌మన్లు, ఆ వెనక ఫిట్టర్లు, ఇరుసులకి చమురు పోసేవాళ్ళు, గేటు మనుషులు. గుమ్మం దగ్గరి చిన్న బల్ల గుమాస్తాలది. నేను పార్శిల్ ఆఫీసులో గుమాస్తాని కాబట్టి నా చోటు అక్కడ. అలాగని నా దగ్గర సువాసనలేం రావు. రోజంతా చేపల బుట్టల్లోంచి కారే నీళ్ళలో నిలబడి పనిచేసేవాణ్ణి, సాయంత్రం పిల్లులు నన్ను ఇంటిదాకా సాగనంపేవి. అయినా లోపలికి రావద్దని నన్ను ఎవరూ అనలేదు.

పిట్‌లైను వాళ్ళకి మాత్రం లోపలికి దారి లేదు. పిట్‌లైను అంటే పట్టాల నడుమ తవ్విన పొడుగాటి గొయ్యి. బోగీలు పైన వచ్చి నిలబడితే, మనిషి కింద గోతిలో దిగి వాటి అడుగు కడగాలి. అప్పటి బోగీల్లో పాయిఖానా గొట్టం తిన్నగా పట్టాల మీదికే. పడేవి పడగా, మిగిలినవి గొట్టానికీ కమ్మీలకీ అంటుకుని, దారిపొడుగునా గాలికి ఎండి, అట్టలు కట్టి వచ్చేవి. వాటిని ఇనప రేకుతో గీకాలి, నీళ్ళ గొట్టంతో కొట్టాలి, మళ్ళీ చీపురుతో రుద్దాలి. గీకేది తలమీద. చూడాల్సింది పైకి. నోరు మూసుకుని చేసే ఉద్యోగమంటే అదీ.

మా మామగారు చేరిననాటి నుంచి దిగిపోయేదాకా చేసింది ఆ ఉద్యోగమే. కాలనీ అంతా ఆయన్ని అత్తరు అనేవాళ్ళు. కొత్తలో ఎవడో వెటకారానికి అంటే అలా ఉండిపోయింది. ఎవరైనా "ఏం అత్తరూ" అంటే ఆయన "ఆఁ" అని తిరిగి చూసేవారు. వంటింట్లో ఉన్న మా అత్తగారు మాత్రం ఉడికిపోయేవారు.

బారు వెనక గోడకి, ఆ కరిగిపోయే గోడ పక్కనే, ఒక చిన్న కిటికీ ఉండేది. పిట్‌లైను వాళ్ళకి బీరు అందులోంచే. కిటికీ బయట మేకులు, మేకులకి ఎవరి ఎనామిల్ మగ్గు వాళ్ళది. వానలోనైనా నిలబడే తాగి, పంపు కింద మగ్గు కడిగి, మేకుకి తగిలించి పోవాలి. ఆ విధంగా ఆ బారు మొత్తంలో రోజూ నీళ్ళ మొహం చూసే పాత్రలు ఆ మేకుల మీద ఉన్నవే. ఈ సంగతి లోపల కూర్చున్నవాళ్ళకి ఏనాడూ తట్టలేదు.

నిజానికి మా మామగారంత శుభ్రమైన మనిషిని నేను చూడలేదు. ఆయన కార్బాలిక్ సబ్బుతో ఒళ్ళు రుద్దుకుంటుంటే, గోడ అవతలివాళ్ళకి ఎవరో గుర్రాన్ని మాలీసు చేస్తున్నట్టు వినబడేది. సబ్బుకి చేతులు తెల్లబడి, పగుళ్ళు తేలి ఉండేవి. స్నానమయ్యేదాకా కూతుళ్ళని ముట్టుకునేవారు కాదు. "నాన్న ముందు తడుస్తాడు, తర్వాత నాన్నవుతాడు" అని మా ఆవిడ చిన్నప్పుడు అందరికీ చెప్పేదట.

ఆ శుభ్రంతోనే నాకొకసారి ప్రాణం మీదికి వచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆయన మా ఇంటికి వస్తే, మా అమ్మ గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన అందుకుని, తిన్నగా పెరట్లోకి వెళ్ళి, ఆ నీళ్ళు పారబోసి, గ్లాసు శుభ్రంగా తొలిచి, కుళాయి నీళ్ళు పట్టుకుని తాగారు. చెయ్యి అలవాటు, అంతే. ఏం చేశారో ఆయనకే తెలీదు.

"వియ్యంకుడుగారికి మన గ్లాసులు కంపుకొట్టాయి కాబోలు" అంది మా అమ్మ, ఆయన వెళ్ళాక.

"అలవాటేలే అమ్మా."

"అలవాటే మరి. గోతిలో తిరిగేవాళ్ళకి ఇంట్లో గ్లాసులు ఎలా ఆనతాయి."

మా ఆవిడ లేచింది. వంటింట్లో గ్లాసులన్నీ పళ్ళెంలో మోసుకొచ్చి, మా అమ్మ ఎదురుగా చతికిలబడి, ఒక్కొక్కటే తోమడం మొదలుపెట్టింది. నేను బజారులో పనుందని చెప్పి బయటపడ్డాను. ఆ రోజు బజారు సెలవు.

ఇక మగ్గు. మూలపడ్డ ఇంజను కూత గొట్టం ఇత్తడితో ఫిట్టర్లు చేసిన మగ్గు అది. రెండు చెవులు, చిన్న బిందెంత కడుపు. డ్రైవర్ల బెంచీ పైన అరలో ఉండేది. ఎవరైనా రిటైరైన రోజున అతన్ని ఆ బెంచీ మీద కూర్చోబెట్టి, మగ్గు నిండా బీరు పోసి, మొదటి గుక్క అతనిచేత తాగిస్తారు. ఆ తర్వాత మగ్గు అన్ని బెంచీలూ తిరుగుతుంది. అతని పెదవి తగిలిన చోటే అందరూ పెదవి పెట్టాలి. అలా తాగితే అతను షెడ్డు వదిలినా మనలోంచి పోనట్టు.

దాన్ని కడగకూడదు. కడిగితే పాతవాళ్ళ నోటి తడి పోతుందని నియమం. ఫిట్టర్లు మాత్రం అప్పుడప్పుడూ కిందికి దించి, బయటవైపు పాలిష్ పట్టి పెట్టేవాళ్ళు. బయట చూస్తే మీసం దువ్వుకోవచ్చు, అంత మెరుపు.

ఒక గేటుమన్ రిటైరైనప్పుడు నేనూ తాగాను అందులో. మొదట ఇత్తడికి పట్టిన చిలుం రుచి, ఆ వెనక నానిన పొగాకు, ఆ వెనక ఏదో మెత్తగా నాలిక మీదికి వచ్చి, మనసు మార్చుకుని మగ్గులోకే వెళ్ళిపోయింది. అదేమిటని నేను ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటానికే కదా ఆ గదిలో అంత బీరు పోసేది.

పిట్‌లైను వాళ్ళు రిటైరైతే ఈ మర్యాద లేదు. వద్దని ఎవరూ అనలేదు, కావాలనీ ఎవరూ అడగలేదు. మామగారు మాత్రం ఉద్యోగం ఉన్నంతకాలం ఆ వెనక కిటికీలోంచి చూస్తూనే వచ్చారు. లోపల మగ్గు చేతులు మారడం, ఒకరి తర్వాత ఒకరు తల వంచడం, దీపం వెలుగులో ఇత్తడి మెరవడం. ఆయన మనసులో ఏముందో నాకెలా తెలిసిందంటే, దిగిపోయే రోజు దగ్గరపడుతుండగా ఒకసారి మా ఇంటికి వచ్చి, మా ఆవిడ వంటింట్లో ఉండటం చూసి, గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించారు.

"అల్లుడుగారూ, నా రోజున నన్ను లోపలికి పిలుస్తారంటారా?"

"ఎక్కడికి మామయ్యా?"

"బారులోకి. ఆ మగ్గు నాకిస్తే తాగుతాననుకోండి. నా తర్వాత వాళ్ళు తాగుతారా అని."

బీరు సంగతి కాదు, బెంచీ సంగతీ కాదు. ఆ చివరి మాటే ఆయనకి కావాల్సింది.

"అడిగి చూస్తాను."

"మీరు అడిగినట్టు ఉండకూడదు."

"మరి?"

"వాళ్ళకే తోచినట్టు ఉండాలి."

రైల్వేలో అంత కష్టమైన పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు. పోయి బారు నడిపే అక్కతో చెప్పుకున్నాను. ఆవిడ భర్త తన సరుకు తనే రుచి చూసి చూసి పోతే, అప్పటినుంచి కౌంటరు వెనక ఆవిడే. డ్రైవర్ల దగ్గర్నుంచి అందరికీ అక్కే.

"వాళ్ళకి తోచేదాకా ఆగితే అత్తరు పోతాడు" అంది అక్క. "నాకు తోచింది, చాలు."

ముందురోజు, బెంచీలన్నీ నిండాక, గ్లాసుతో కౌంటరు మీద కొట్టింది. "రేపు అత్తరు దిగిపోతున్నాడు. మగ్గు దించి ఉంచండి."

అందరూ ఎవరి బీరులోకి వాళ్ళు చూసుకున్నారు.

"ఏ అత్తరు?" అన్నాడు ఒక ఫిట్టరు.

"మనకి ఎంతమంది అత్తర్లున్నారేంటి?"

"మనిషి మంచివాడే అక్కా" అన్నాడు పెద్ద డ్రైవరు. ఆయనకి గుబురు మీసం, అందులో ఎప్పుడూ నురగ. "ఎవరు కాదన్నారు. కానీ ఇది నోటి వ్యవహారం కదా."

"ఆయన నోటికేమొచ్చింది?"

"నోటికేం రాలేదు. ఆ నోటి మీద ఇన్నేళ్ళు ఏం పడిందో అదే."

ఫైర్‌మన్లు విరగబడి నవ్వారు. అందులో ఒకడికి నేనున్నానని గుర్తొచ్చి, నవ్వుని దగ్గుగా మార్చాడు. నేను జాడీలో గుడ్డు కోసం శ్రద్ధగా వెతుక్కున్నాను.

పెద్ద డ్రైవరే ఒక దారి చెప్పాడు. "లూపులో పెడదాం. మెయిలు వస్తుంటే గూడ్సుని లూపులో, పక్క పట్టాల మీద, ఆపుతాం కదా, గూడ్సుకేమైనా అవమానమా? లోపలికి రానిద్దాం. బెంచీ మీద కూర్చోబెడదాం. మగ్గు ముందు మన దగ్గర తిరిగి, ఆఖర్న ఆయన దగ్గరికి పోతుంది. మర్యాదకి మర్యాదా అయింది, మన కడుపులూ బాగుంటాయి."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఒకడు సంతోషంతో గుడ్డు తిన్నాడు.

"రిటైరయ్యేది ఆయనా, మీరా?" అంది అక్క. "మొదటి గుక్క ఆయనదే. కాదంటే రేపు నేను కుళాయి తిప్పను. ఇళ్ళకి పోయి పెళ్ళాల మొహం చూస్తూ మంచినీళ్ళు తాగండి."

ఆ బెదిరింపు ముందు పిట్‌లైను ఎంత. కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. ఆ విధంగా వాళ్ళకే తోచింది.

మర్నాడు షిఫ్టు దిగాక మామగారు ఇంటికి పోయి, ఒక సబ్బుబిళ్ళ పూర్తిగా అరగదీసి, కొత్త చొక్కా వేసుకుని వచ్చారు. మడతలు కూడా పోలేదు దానికి. ముందు గుమ్మంలోంచి నేనే తీసుకెళ్ళాను. లోపలికి వస్తూ గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకున్నారు, పట్టాకున్నదంతా కాళ్ళకి అంటింది. డ్రైవర్ల బెంచీ అంచున, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. గదిలో అందరి మొహాలూ చేదు మందుకి పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి. ఫిట్టరు జేబులోంచి దూదిపీచు అంచు బయటికి కనబడుతోంది. అత్తరు పెదవి తగిలిన చోటు తన వంతు వచ్చేసరికి చటుక్కున తుడిచేద్దామని దాచుకున్నాడు. పొద్దున్నుంచి ఇరుసుల గ్రీజు తుడిచిన పీచే అది. పీచు అంటే శుభ్రం చేసేది అని మావాళ్ళ లెక్క, దేన్ని తుడిచిందైనా సరే.

పెద్ద డ్రైవరు నిండు మగ్గు రెండు చేతులా అందించాడు. "కానివ్వు అత్తరూ."

మామగారు అందుకున్నారు. ఇన్నేళ్ళూ కిటికీలోంచి చూసిన మెరుపుని ఒక్క క్షణం దగ్గర్నుంచి చూసుకున్నారు. బొటనవేలితో దాని కడుపు నిమిరారు. తర్వాత నోటిదాకా ఎత్తి, అక్కడే ఆగిపోయారు.

ఆయన ముక్కుపుటాలు అదిరాయి.

మగ్గుని కొంచెం వెనక్కి పెట్టి, నురగని నోటితో ఊది పక్కకి తప్పించి, లోపలికి చూశారు. గుమ్మం దగ్గర్నుంచి లేచి నేనూ తొంగిచూశాను, చూడకుండా ఉండాల్సింది. అంచు కింద పచ్చగా చిలుం వలయం. దాని కింద పొరమీద పొరగా నల్లటి అట్ట, బోగీ అడుగునుండే అట్టకి తోబుట్టువులా. అట్టలో పాతుకుపోయి నిలబడ్డ మీసం వెంట్రుకలు, తెల్లవీ నల్లవీ. ఒక అగ్గిపుల్ల. బీరు కదిలినప్పుడల్లా అవన్నీ పిల్లకాలవలో నాచులా ఒకవైపుకి వాలి, మళ్ళీ లేస్తున్నాయి.

మామగారి గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. బతుకంతా గోతిలో నిలబడి పైకి చూసిన మనిషికి వాంతి వచ్చింది. కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకున్నారు.

"ఏమైంది?" అన్నాడు పెద్ద డ్రైవరు.

"ఇది కడిగి ఎన్నాళ్ళైందండీ?"

"ఎన్నాళ్ళేంటి? పుట్టాక కడగలేదు. మా నాన్న నోటి తడి కూడా ఉంది అందులో."

"ఉందండీ. కనబడుతోంది" అన్నారు మామగారు. వెటకారం కాదు, ఆయనకి అది రాదు.

ఆయన కోరిక ఎంత గట్టిదంటే, మళ్ళీ ఎత్తారు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, పెదవి అంచుకి తగిలేదాకా తెచ్చారు. ఒక్క గుక్క వేస్తే చాలు, ఆ తర్వాత ఇష్టమున్నా లేకున్నా గది మొత్తం ఆయన తర్వాత తాగాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మగ్గు మెల్లిగా బల్లమీదికి దిగింది.

"నా వల్ల కావడం లేదు. ఏమనుకోకండి. మీరు కానివ్వండి."

లేచి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళారు. మేకు మీది ఎనామిల్ మగ్గు పంపు కింద పెట్టిన చప్పుడు వినబడింది. అక్క కిటికీలోంచి పోసింది. ఆయన ఆ మగ్గు పట్టుకుని మళ్ళీ ముందు గుమ్మంలోంచే వచ్చి, డ్రైవర్ల బెంచీ మీద తను లేచిన చోటే కూర్చుని, నిదానంగా తాగడం మొదలుపెట్టారు. లెమ్మని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇత్తడి మగ్గు బల్లమధ్య ఉంది. ముందు ఒక ఫైర్‌మన్ మెడ చాచి లోపలికి చూశాడు. చూసి పక్కవాడి వైపు జరిపాడు. మగ్గు ఆ రోజు కూడా అన్ని బెంచీలూ తిరిగింది, పెదవులకి బదులు కళ్ళు పెట్టారంతే. చమురు పోసేవాడు నోరు మూసుకుని వెనక గోడకేసి పరుగెత్తాడు. ఫిట్టరుకి ఒళ్ళు గగుర్పొడిచి, జేబులోంచి పీచు తీసి మూతి తుడుచుకుంటే, చెవిదాకా నల్లటి గ్రీజు పట్టింది. ఆఖర్న మగ్గు పెద్ద డ్రైవరు ముందుకి వచ్చింది. ఆయన వెనక్కి తగ్గితే తండ్రి తడిని కాదన్నట్టు. ఎత్తి ఒక గుక్క పట్టాడు. గొంతుముడి పైకి పోయింది, కిందికి వచ్చింది, మళ్ళీ పైకి పోయి అక్కడే కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగుంది" అన్నాడు, పెదవులు విప్పకుండా. నెత్తిమీద నిండు కుండ ఉన్నవాడిలా నడుచుకుంటూ బయటికి పోయాడు.

ఆ తర్వాత నెలల తరబడి బారులో ఒకటే మాట. "అత్తరుకి ఎంత పొగరు. మనం పిలిచి బెంచీ ఇస్తే మన మగ్గు కంపన్నాడు." ఆ మాట అంటూనే, తమ తమ రిటైర్మెంట్ల రోజున, ఒక్కొక్కరూ అక్క చెవిలో గాజు గ్లాసు అడిగారు. నేను బారుకి వెళ్ళడం మానేసింది మగ్గు వల్ల కాదు, ఆ మాట వల్ల.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, గేటు దాటాక మామగారు అడిగారు. "నేను తాగుంటే, వాళ్ళు తాగేవాళ్ళే అంటారా?"

"తాగేవాళ్ళే మామయ్యా" అన్నాను.

కొంచెం దూరం నడిచారు. "ఫిట్టరు జేబులో పీచు నేనూ చూశాను లెండి" అన్నారు.

అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. ఆయన మొహం చూడగానే ఆవిడకి కోపం వచ్చింది, ఆయన మీద కాదు.

"తాగలేదు కదా వాళ్ళు, మీ తర్వాత?"

"నేనే తాగలేదు."

"ఏం?"

"కంపు."

అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "ఎవరికి?"

"నాకే."

"మీకు?" అన్నారు అత్తగారు. నవ్వు ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత ఆగలేదు. గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. మామగారు ఉక్రోషంగా అటు తిరిగి నిలబడ్డారు. అలా తిరగడంతో కొత్త చొక్కా వీపున బెంచీ తారు, బీరు జిగురు, ఎవడో నమిలిన పొగాకు, అన్నీ వరసగా కనబడ్డాయి. అత్తగారి నవ్వు ఆగిపోయింది. లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"అక్కడే విప్పండి ఆ చొక్కా. ఆ మనుషుల మధ్య కూర్చుని వచ్చి ఇంట్లోకి రావడానికి వీల్లేదు." నాకేసి చూశారు. "అల్లుడుగారూ, మీరూనూ."